ఉద్యోగం పోయాక చేతిపనితో బతుకు: బెజవాడలో పెళ్లి అడ్డుతెరలు, పీటల పని ఎలా మొదలుపెట్టాలి

ఉద్యోగం పోయిన వారంలోనే, ఇన్నాళ్లూ తీరిక లేక పక్కన పెట్టిన కుంచెను చేతిలోకి తీసుకుని, దానితోనే బతకవచ్చు కదా అన్న ఆలోచన రావడం సహజం. ఆ ఆలోచన మంచిదే. ఆ వారంలోనే బెజవాడ వన్‌టౌన్ బజారుకు వెళ్లి నలభై వేల రూపాయల బట్ట, రంగులు కొనడం మాత్రం మంచిది కాదు. పదకొండేళ్లు హైదరాబాదులో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో పనిచేసి, విజయవాడకు తిరిగివచ్చి, పెళ్లిళ్లకు చేతితో గీసిన అడ్డుతెరలు, రంగులద్దిన పీటలు చేసి అమ్ముతున్న అనుభవంతో ఈ వ్యాసం రాస్తున్నాను. మీరు ఎంచుకునే వస్తువు వేరే కావచ్చు. అయినా లెక్కలు, పద్ధతులు చాలావరకు ఇవే ఉంటాయి.

ముందు పాత కంపెనీతో లెక్క తేల్చుకోండి

కొత్త పని గురించి ఆలోచించే ముందు పాత ఉద్యోగం నుంచి మీకు రావలసిన ప్రతి రూపాయినీ, ప్రతి కాగితాన్నీ రాబట్టుకోవాలి. రిలీవింగ్ లెటరు, అనుభవ పత్రం, ఫారం 16, చివరి మూడు నెలల జీతం స్లిప్పులు తీసుకుని భద్రపరచండి. రేపు మళ్లీ ఉద్యోగానికి వెళ్లాలన్నా, బ్యాంకులో అప్పు అడగాలన్నా ఇవి అవసరమవుతాయి. ఒకే సంస్థలో అయిదేళ్లు నిరంతరాయంగా పనిచేసి ఉంటే గ్రాట్యుటీ మీ హక్కు. చివరి మూల వేతనాన్ని, కరువు భత్యం ఉంటే దానితో కలిపి, 15తో గుణించి, 26తో భాగించి, పనిచేసిన సంవత్సరాలతో గుణిస్తే మీకు కనీసం రావలసిన మొత్తం ఇంచుమించుగా తెలుస్తుంది. మూల వేతనం 40,000 రూపాయలు, సర్వీసు తొమ్మిదేళ్లు అయితే అది దాదాపు 2,07,700 రూపాయలు అవుతుంది. ఈ లెక్కను మీరే వేసుకుని, కంపెనీ ఇచ్చిన కాగితంతో సరిపోల్చుకోండి.

ప్రావిడెంట్ ఫండును వ్యాపారానికి పెట్టుబడిగా చూడవద్దని గట్టిగా చెబుతాను. అయిదేళ్ల సర్వీసు నిండకుండా తీస్తే దానిపై పన్ను కూడా పడుతుంది. ఆరోగ్య బీమా సంగతి ఇంకా ముఖ్యం. కంపెనీ ఇచ్చిన గ్రూపు బీమా సాధారణంగా ఉద్యోగంలో చివరి రోజుతోనే ఆగిపోతుంది. అదే బీమా సంస్థలో వ్యక్తిగత పాలసీకి మారే వెసులుబాటు ఉంటుంది కాబట్టి, బయటికి వచ్చే ముందే మానవ వనరుల విభాగాన్ని అడిగి దరఖాస్తు పెట్టుకోండి. ఇంట్లో షుగరో బీపీయో ఉన్న పెద్దవాళ్లుంటే ఈ ఒక్క పనిలో ఆలస్యం చేయకండి.

చేతికి వచ్చిన సొమ్ములో నుంచి ఇంటి అద్దె, పిల్లల ఫీజులు, వాయిదాలు, సరుకులు కలిపి కనీసం ఎనిమిది నెలల ఖర్చును వేరే ఖాతాలో వేసి, దాన్ని ముట్టుకోకండి. ఆరు నెలలని చాలామంది చెబుతారు గాని, మన ప్రాంతంలో పెళ్లిళ్లు లేని నెలలు వరుసగా వస్తే ఆరు నెలలు చాలవని నేను స్వయంగా చూశాను. చేతికి వచ్చిన మొత్తంలో పదో వంతు మించకుండా వ్యాపారానికి తొలి పెట్టుబడిగా పెట్టండి. ఆ పదో వంతు పూర్తిగా పోయినా ఇల్లు గడవాలి.

ఒక్క వస్తువును ఎంచుకోండి

మొదట్లో అందరూ చేసే పొరపాటు, తమకు వచ్చినవన్నీ అమ్మకానికి పెట్టడం. చెవిపోగులు, గోడ బొమ్మలు, కుండల మీద ముగ్గులు, రెజిన్ పళ్లేలు అన్నీ కలిపి పెడితే ప్రతిదానికీ వేరే ముడిసరుకు, వేరే పనిముట్లు, వేరే కొనుగోలుదారు కావాలి. ఏ ఒక్కదానిలోనూ చేయి తిరగదు. ఒక వస్తువును ఎంచుకునేటప్పుడు మూడు ప్రశ్నలు వేసుకోండి. దీన్ని ఒక సందర్భం కోసం తప్పనిసరిగా కొంటారా? కొన్నవాళ్లు పదిమందికి చూపిస్తారా? నేను వరుసగా ఇరవై చేసినా ఇరవయ్యోది మొదటిదానికంటే బాగుంటుందా?

అడ్డుతెర ఈ మూడింటికీ సరిపోతుంది. జీలకర్ర, బెల్లం పెట్టే ముహూర్తం వరకు వధూవరుల మధ్య పట్టుకునే ఆ తెరను మండపంలోని వాళ్లందరూ చూస్తారు, ఫొటోల్లో నిలిచిపోతుంది. దానితోపాటు రెండు పీటలు, కొబ్బరిబొండాం, తలంబ్రాల పళ్లెం ఒకే వరుస డిజైనులో చేసి ఇవ్వవచ్చు. గుంటూరులో ఉండి మీకు మట్టి పనో, బట్ట మీద అచ్చుల పనో బాగా వచ్చి ఉంటే దాన్నే తీసుకోండి. శ్రావణంలో వరలక్ష్మీ వ్రతానికి అమ్మవారి అలంకరణ, సంక్రాంతికి బొమ్మల కొలువు, గృహప్రవేశానికి పేరు పలక, ఇలా ఏదో ఒక సందర్భానికి ముడిపడిన వస్తువయితే అమ్మడం సులభం.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. మన చుట్టుపక్కల జిల్లాల్లోనే తరతరాలుగా చేతిపని మీద బతుకుతున్న ఊళ్లున్నాయి. కొండపల్లిలో తెల్ల పొణికి కర్రను చెక్కి, చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతుకులు వేసి బొమ్మలు చేస్తారు. పెడనలో కరక్కాయ నీళ్లలో తడిపిన బట్ట మీద చెక్క అచ్చులతో కలంకారీ అద్దుతారు, దాన్నే మచిలీపట్నం కలంకారీ అంటారు. దుర్గిలో రాతిని చెక్కుతారు. ఈ పనులకు భౌగోళిక గుర్తింపు ఉంది. అంటే మీరు ఇంట్లో చేసిన బొమ్మను కొండపల్లి బొమ్మ అనీ, మీరు వేసిన పువ్వును మచిలీపట్నం కలంకారీ అనీ పేరు పెట్టి అమ్మకూడదు. చట్టం సంగతి అలా ఉంచినా, అది వాళ్ల కూడు. మీ సెట్టులో కొండపల్లి అంబారీ ఏనుగు కావాలంటే కొండపల్లి వెళ్లి, వాళ్లు చెప్పిన ధర ఇచ్చి కొని, ఎక్కడి బొమ్మో కొనేవాళ్లకు చెప్పి ఇవ్వండి.

మరి డిజైన్లు ఎక్కడివి? ఫోనులో కనిపించిన బొమ్మను దించేయకండి. ఇంకొక చిత్రకారుడు వేసిన బొమ్మ మీద హక్కు అతడు బతికి ఉన్నంత కాలం, ఆ తరువాత అరవై ఏళ్లు ఉంటుంది. ఒక చిన్న నోటు పుస్తకం, పెన్సిలు తీసుకుని అమరావతి మ్యూజియానికి ఒకసారి, బెజవాడ బాపు మ్యూజియానికి ఒకసారి వెళ్లండి. అమరావతి స్తూపం రాళ్ల మీద చెక్కిన పద్మాల్లో రేకుల వరుస ఎలా తిరిగిందో, పూర్ణకుంభంలోంచి పూలు ఎలా పైకి లేచాయో చూసి గీసుకుంటే, రెండు వేల ఏళ్లుగా ఈ కృష్ణ ఒడ్డునే ఉన్న డిజైను మీ చేతికి వస్తుంది. నా తెరల్లో ఇప్పటికీ ఎక్కువగా అడిగేది అలా గీసుకున్న ఒక పద్మమే.

అమ్మకముందు పది చేయండి

మొదటి పది వస్తువులు అమ్మకానికి కాదు. అయిదు బంధువుల పెళ్లిళ్లకు ఇవ్వండి, అయిదు మీ దగ్గర ఉంచుకుని పరీక్షించండి. ఒకదాన్ని మేడ మీద మే నెల ఎండలో వారం రోజులు ఆరవేయండి, ఒకదాన్ని వానాకాలంలో గాలి ఆడని బీరువాలో పెట్టండి, ఒకదాన్ని ఉతకండి. బెజవాడ ఎండ, కృష్ణ తేమ రెండూ చేతిపనికి పరీక్షలే. రంగు పగిలేదీ, వెలిసేదీ, బూజు పట్టేదీ మీ ఇంట్లోనే బయటపడాలి.

బట్ట పనిలో గంజి వదిలించకుండా రంగు వేస్తే నెల తిరక్కుండా పొరలు లేస్తుంది. కాబట్టి ముందు ఉతికి, నీడన ఆరబెట్టి, ఇస్త్రీ చేసి, చట్రానికి బిగించి గీయండి. బట్టకు వేసే అక్రిలిక్ రంగును ఒక రోజంతా ఆరనిచ్చి, వెనుక వైపు నుంచి ఆవిరి లేకుండా ఇస్త్రీ చేస్తే నిలుస్తుంది. పీటలకు పచ్చి కర్ర ఎంత చవకగా వచ్చినా తీసుకోకండి. వడ్రంగిని అడిగి బాగా ఆరిన కర్రతో చేయించుకోండి, లేకపోతే వేసవిలో మధ్యలో చీలి మీ బొమ్మ రెండు ముక్కలవుతుంది. సాండ్‌పేపర్‌తో నునుపు చేసి, ప్రైమరు పూసి, రంగు వేసి, పలచని వార్నీషు రెండు పూతలు వేయండి. ఒక పూత పూర్తిగా ఆరకముందే రెండోది వేస్తే జిగురుగా ఉండిపోయి, పెళ్లికొడుకు పట్టుపంచెకు అంటుకుంటుంది.

ప్రతి వస్తువుకూ మొదలుపెట్టిన సమయం, ముగించిన సమయం నోటు పుస్తకంలో రాయండి. తరువాతి భాగమంతా దాని మీదే ఆధారపడి ఉంటుంది.

మీ గంటకు వెల కట్టండి

ఉద్యోగం నుంచి వచ్చినవాళ్లు ఎక్కువగా నష్టపోయేది ఇక్కడే. ఒకటో తారీఖున జీతం పడే అలవాటులో మన గంట విలువ ఎంతో మనం ఎప్పుడూ లెక్క వేసుకోలేదు. వ్యాపారంలో ముడిసరుకు ఖర్చు మీద కొంత కలిపి ధర చెప్పేస్తాం, మన చేతుల కూలి సున్నా అవుతుంది. ఈ లెక్క సరిగా వేసుకుంటే మిగతావి నెమ్మదిగా నేర్చుకోవచ్చు. ఇది తప్పితే ఎన్ని ఆర్డర్లు వచ్చినా అలసటే మిగులుతుంది.

ఉదాహరణకు, ఈ పని మీద మీకు నెలకు 19,500 రూపాయలు రావాలనుకుందాం. రోజుకు ఎనిమిది గంటలు పనిచేసినా కుంచె పట్టుకునేది అయిదు గంటలే. ఫోన్లు, బజారు, ప్యాకింగు, ఫొటోలు మిగతా సమయాన్ని తినేస్తాయి. నెలకు 26 రోజులు, రోజుకు అయిదు గంటలు అంటే 130 గంటలు. కాబట్టి మీ గంట వెల 150 రూపాయలు. ఒక అడ్డుతెరకు బట్ట 900, రంగులు 250, అంచు, కుట్టుకూలి 300, పెట్టె 80 కలిపి 1,530 రూపాయలు అనుకోండి. గీయడానికి 14 గంటలు పడితే మీ కూలి 2,100. కరెంటు, ఫోను, గది ఖర్చుల వాటా 200. పాడయ్యేవాటి కింద ముడిసరుకులో పదో వంతు, సుమారు 150. మొత్తం 3,980 అయింది. దీని మీద వ్యాపారానికి మిగులుగా 15 శాతం, అంటే ఇంచుమించు 600 కలిపితే 4,600 రూపాయలకు చేరుతుంది. నేరుగా మీ దగ్గర కొనేవాళ్లకు ఇదే ధర.

ఇప్పుడు ఒక దుకాణంవారు తమ దగ్గర పెట్టి అమ్మడానికి 30 శాతం అడిగారనుకోండి. 4,600లో మీ చేతికి వచ్చేది 3,220. అంటే ప్రతి తెర మీద 760 రూపాయలు మీరే ఎదురు ఇస్తున్నట్లు లెక్క. దుకాణంలో పెట్టాలంటే ధర 6,570 దాకా ఉండాలి. ఆ ధరకు పోదనిపిస్తే దుకాణంలో తెరలు పెట్టకండి, అక్కడ రెండు గంటల్లో అయ్యే తలంబ్రాల పళ్లేల వంటివి పెట్టండి.

బేరం తప్పకుండా ఆడతారు. బీసెంట్ రోడ్డులో బేరమాడి కొనడం అలవాటైన ఊరిలో అది అవమానం కాదు. ధర తగ్గించమన్నప్పుడు ధర కాక పని తగ్గించండి. "ఈ ధరకు అంచు పని లేకుండా, మధ్యలో పద్మం మాత్రం వేసి ఇస్తానండీ" అని చెబితే చాలామంది మొదటి ధరకే ఒప్పుకుంటారు. చుట్టాలకు తగ్గించదలచుకుంటే ముడిసరుకు, కూలి మొత్తంగా తీసుకుని మిగులు ఒక్కటే వదులుకోండి. ఎవరికి ఎంత వదిలారో కూడా రాసి పెట్టుకోండి.

పంచాంగాన్ని దగ్గర పెట్టుకోండి

ఈ పనిలో మన ఏడాది ఏప్రిల్‌తో కాక ఉగాదితో మొదలవుతుంది. కొత్త పంచాంగం రాగానే ముహూర్తాలున్న నెలలు, మూఢం రోజులు, అధిక మాసం ఉంటే అదీ గోడ మీది క్యాలెండరులో గుర్తుపెట్టండి. మాఘం, ఫాల్గుణం, వైశాఖం, జ్యేష్ఠం, శ్రావణం, కార్తీకం, మార్గశిరం పనికి నెలలు. ఆషాఢం, భాద్రపదం, పుష్యం చేతికి డబ్బు రాని నెలలు. శుక్ర మూఢమో గురు మూఢమో వస్తే మంచి నెల కూడా ఖాళీ అయిపోతుంది. ఎనిమిది నెలల ఖర్చు పక్కన పెట్టమన్నది ఇందుకే.

ఖాళీ నెలలు వృథా నెలలు కావు. ఆషాఢంలో బట్టల దుకాణాలు ధరలు తగ్గిస్తాయి కాబట్టి ఏడాదికి సరిపడా బట్ట అప్పుడే కొనండి. వన్‌టౌన్‌లోని వస్త్రలత బట్టల మార్కెట్లో టోకున దొరుకుతుంది, మంగళగిరి నూలు బట్ట కావాలంటే ఆ ఊరు వెళ్లి తెచ్చుకోవచ్చు. భాద్రపదంలో కొత్త డిజైన్లు, పుష్యంలో సంక్రాంతి కొలువుకు సంబంధించిన చిన్న వస్తువులు చేసుకోండి.

కొన్న సరుకును నేల మీద పెట్టకండి. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగినప్పుడు సింగ్‌నగర్ వైపు కింది అంతస్తుల్లో ఉన్నవాళ్ల వస్తువులు ఏమయ్యాయో ఈ ఊరంతా చూసింది. కింది అంతస్తులో పనిచేసేవాళ్లు మనిషి ఎత్తు అల్మారాలో, మూత బిగుతుగా ఉన్న ప్లాస్టిక్ పెట్టెల్లో సరుకు సర్దండి.

ఆర్డరు తీసుకునే పద్ధతి

సగం సొమ్ము బయానాగా అందాకే గీత మొదలుపెట్టండి, మిగతా సగం వస్తువు ఇచ్చే ముందు తీసుకోండి. వధూవరుల పేర్లను ఫోనులో విని రాయకండి. నా రెండో ఆర్డరులో "లహరి" అన్న పేరును "లాహిరి" అని విని అలాగే గీశాను. తప్పు పూర్తిగా నాదే. ముహూర్తానికి మూడు రోజుల ముందు అది బయటపడింది. రెండు రాత్రులు కూర్చుని కొత్త తెర గీసి ఇచ్చాను, ఆ పెళ్లికూతురి తల్లి కళ్లలో కనిపించిన కంగారు ఇప్పటికీ మరిచిపోలేను. అప్పటి నుంచి శుభలేఖ ఫొటో పంపమని అడుగుతాను, పెన్సిలుతో రాసిన పేర్లను ఫొటో తీసి పంపి, "సరే" అని రాతపూర్వకంగా జవాబు వచ్చాకే రంగు వేస్తాను.

పెళ్లికి పదిరోజుల ముందు వస్తువు చేతికిచ్చేలా తేదీ ఒప్పుకోండి. ఒక ముహూర్తానికి ఎన్ని తెరలు చేయగలరో ముందే నిర్ణయించుకుని, అది నిండాక వచ్చినవాళ్లకు మర్యాదగా కుదరదని చెప్పండి. పెళ్లి మన కోసం వాయిదా పడదు, మాట ఇచ్చి తప్పితే ఆ ఇంటి బంధువర్గమంతా మీకు దూరమవుతుంది.

కొనేవాళ్లు ఎక్కడ దొరుకుతారు

ఇన్‌స్టాగ్రామ్‌లో పేజీ, వాట్సాప్ బిజినెస్‌లో ధరలతో క్యాటలాగు పెట్టుకోండి. ఫొటోలు ఉదయం పూట కిటికీ వెలుగులో, ఫిల్టర్లు లేకుండా తీయండి. ఫొటోలో కుంకుమ రంగుగా కనిపించి చేతికి ఇటుక రంగుగా వస్తే వస్తువు తిరిగివస్తుంది. అయితే నా అనుభవంలో ఆర్డర్లు ఎక్కువగా వచ్చింది ఫోను నుంచి కాదు, మగ్గం వర్కు చేసే బొటిక్కుల నుంచి. పెళ్లికూతురు, ఆమె తల్లి రవిక పని కోసం రెండు నెలల ముందే అక్కడికి వచ్చి గంటల తరబడి కూర్చుంటారు. అలాంటి నాలుగు బొటిక్కుల్లో ఒక్కొక్క నమూనా తెర గోడకు వేలాడదీయించి, వచ్చిన ప్రతి ఆర్డరుకూ ముందే ఒప్పుకున్న మొత్తం ఇవ్వండి. పురోహితులు, పెళ్లి ఫొటోగ్రాఫర్లు, కల్యాణ మండపాల మేనేజర్లు తరువాతి వరుస.

బయటి ఊళ్లకు పంపేటప్పుడు కొరియరువారు బరువుతోపాటు పెట్టె కొలతలు కూడా చూస్తారు. పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి, సాధారణంగా 5,000తో భాగిస్తే వచ్చే కిలోలు అసలు బరువు కంటే ఎక్కువయితే దానికే చార్జీ వేస్తారు. తెరను మడత పడకుండా సన్నని గొట్టానికి చుట్టి పంపితే ఖర్చు తగ్గుతుంది, పీటలకు మాత్రం చార్జీ ముందే కనుక్కుని ధరలో కలపండి.

కాగితాలు, అప్పు

చిన్న వ్యాపారాలకు ఉండే ఉద్యం నమోదు ఆధార్‌తో ప్రభుత్వ వెబ్‌సైటులో ఉచితంగా చేసుకోవచ్చు, దానికి డబ్బు అడిగేవాళ్లను నమ్మకండి. వ్యాపారానికి వేరే బ్యాంకు ఖాతా, వేరే క్యూఆర్ కోడు పెట్టుకోండి. వస్తువులు అమ్మేవాళ్లకు ఆంధ్రప్రదేశ్‌లో ఏడాది టర్నోవరు 40 లక్షలు దాటేవరకు సాధారణంగా జీఎస్టీ నమోదు అవసరం లేదు. హైదరాబాదుకో చెన్నైకో పంపితే మాత్రం నియమం వేరు. రాష్ట్రం దాటే అమ్మకాలకు నమోదు కావాలి, కొన్ని గుర్తించిన హస్తకళా వస్తువులకు పరిమితికి లోబడి మినహాయింపు ఉంది. మీ వస్తువు ఆ జాబితాలోకి వస్తుందో లేదో ఆడిటరును ఒకసారి అడిగి తేల్చుకోండి. కేంద్ర హస్తకళల అభివృద్ధి కమిషనరు కార్యాలయం చేతివృత్తివారికి గుర్తింపుగా ఇచ్చే పహచాన్ కార్డుకు కూడా దరఖాస్తు చేయండి, హస్తకళల మేళాల్లో స్టాలు అడిగేటప్పుడు పనికొస్తుంది.

చిన్న వ్యాపారాలకు అప్పులిచ్చే ముద్రా పథకంలో శిశు విభాగం కింద 50,000 రూపాయల వరకు హామీ లేకుండా అప్పు ఇస్తారు. పూర్తి ధర చెల్లించిన ముప్పై ఆర్డర్లు మీ నోటు పుస్తకంలో ఉన్నాకే దాని కోసం వెళ్లండి. అప్పుడు అది చట్రాలకో, కుట్టు మిషనుకో పోతుంది. అంతకుముందు తీసుకుంటే ఇంటి ఖర్చులోకి జారిపోతుంది.

ఏడాది చివర

మళ్లీ ఉగాదికి నోటు పుస్తకం ముందు పెట్టుకుని కూర్చోండి. వచ్చిన మొత్తంలోంచి ముడిసరుకు, ఇతర ఖర్చులు తీసేసి, పెట్టిన గంటలన్నిటితో భాగించండి. ఈసారి ఫోను గంటలు, బజారు గంటలు కూడా కలపండి. "ఇంకా ఉద్యోగం చూసుకోలేదా?" అని అడిగే పెద్దవాళ్లకూ, మీ ఇంట్లోవాళ్లకూ చూపించవలసింది ఆ అంకెనే. అది మీరు అనుకున్నదానికి దగ్గరలో ఉంటే ధరలు పదిశాతం పెంచి, అంచు పనికి ఒక మనిషిని రోజుకూలికి పెట్టుకోండి. సగం కూడా లేకపోతే పెళ్లి నెలల్లో ఎంపిక చేసుకున్న కొన్ని ఆర్డర్లు మాత్రం ఉంచుకుని, పక్కన ఉద్యోగ ప్రయత్నం మొదలుపెట్టండి. రిలీవింగ్ లెటరూ, జీతం స్లిప్పులూ భద్రంగా ఉంచమన్నది ఆ రోజు కోసం కూడా.